జేజి బీరువాకు హ్యామర్‌టోన్: తలుపు మీద గుంటలు రాలేదు

ధర్మవరం పిల్లోడు:
మా జేజి బీరువాను అనంతపురం తెచ్చుకున్నాం. బూడిద రంగు, సుత్తితో కొట్టినట్టు చిన్న చిన్న గుంటలుండే పాత రకం. అడుగున తుప్పు గీకించి, రెడ్ ఆక్సైడ్ వేయించి, మళ్ళీ అదే హ్యామర్‌టోన్ స్ప్రే చేయించాను. తలుపు పైభాగం నున్నగా వచ్చింది, తాళం కింద మాత్రం ధారలు కారి గడ్డకట్టింది. డబ్బాదే తప్పంటాడు పెయింటర్. ఇంకో కోటింగ్ వేయిస్తే సరిపోతుందా?

నంద్యాల వాసి:
ఈ తలనొప్పి ఎందుకన్నా, పౌడర్ కోటింగ్‌కు ఇచ్చేయ్. గరుకు రకం పౌడర్లు కూడా ఉన్నాయి.

షెడ్డు మనిషి:
పౌడర్‌ను 180, 200 డిగ్రీల ఓవెన్‌లో కాల్చాలి. పాత రంగు, లప్పం మొత్తం ఊడగొట్టాలి, అద్దం, తాళం విప్పాలి. ఒక్క బీరువాకు అంత అవసరమా?

మీ పెయింటర్ తలుపు నిలబెట్టి కొట్టుంటాడు, అదీ సంగతి. ఈ హ్యామర్‌టోన్ పెయింట్‌లో అల్యూమినియం పొడి, కొంచెం సిలికాన్ ఉంటాయి. పచ్చిగా ఉన్నప్పుడు సిలికాన్ రంగును అక్కడక్కడా పక్కకు తోస్తుంది, ఆ గుంటలు అలాగే ఆరిపోతాయి. పొర పల్చగా పడితే గుంట లేవదు, నిలబెట్టి మందంగా కొడితే కారుతుంది. మీ తలుపు మీద రెండూ జరిగాయి! పాపం, డబ్బాను అనకూడదు.

కారినచోట పైన ఇంకో కోటింగ్ వేసినా ఆ గడ్డ కనబడుతూనే ఉంటుంది. బాగా గట్టిపడ్డాక ఎమరీతో సాపు చేయించండి. తలుపు ఊడదీసి చెక్కల మీద పడుకోబెట్టి, ముందు ఒక పల్చటి చెయ్యి కొట్టించి, అది వేలికి జిగటగా తగిలేటప్పుడు స్ప్రే గన్‌లో గాలి తగ్గించి మందంగా కొట్టించండి. మధ్యాహ్నం మాత్రం వద్దు. మన ఎండకు రేకు కాలిపోతుంటే, రంగు పరుచుకునేలోపే థిన్నర్ ఎగిరిపోతుంది. పొద్దున్నే, నీడలో.

గన్ బాగా కడగమని కూడా చెప్పండి. సిలికాన్ మిగిలితే తర్వాత కొట్టే మామూలు ఎనామిల్‌కు కూడా చేపకళ్ళలాంటి గుంటలొస్తాయి.

ధర్మవరం పిల్లోడు:
తలుపు ఊడిరావట్లేదన్నా, పిన్నులు బిగుసుకుపోయాయి.

షెడ్డు మనిషి:
అయితే బీరువానే గోనెసంచుల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. లోపలి అరలు ముందు తీసేయండి, లేకుంటే నలుగురు పట్టినా లేవదు. తాళం రంధ్రానికి టేప్ వేయడం మరవద్దు.