ఎనిమిది వేల లోపు బైనాక్యులర్: 10×50 సరిపోతుందా, 15×70 తీసుకోవాలా?

ప్రశ్న – అనంతపురం నుంచి

నమస్కారం. నేను అనంతపురం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. పదో తరగతికి కాంతి పాఠం చెప్పేటప్పుడు కటకాలను బోర్డు మీద గీసి చూపడమే గాని, వాటి గుండా ఆకాశాన్ని చూపించే వీలు ఇంతవరకూ కలగలేదు. ఈ చలికాలంలో ఒక బైనాక్యులర్ కొని, రాత్రిళ్లు మా మిద్దె మీద నేను చూసుకోవడానికీ, అప్పుడప్పుడూ బడి ఆవరణలో పిల్లలకు చూపించడానికీ ఉపయోగించాలని ఉంది. టెలిస్కోపు గురించి కూడా ఆలోచించాను గాని, దాన్ని మోయడం, అమర్చడం నా వల్ల అయ్యే పని కాదనిపించింది.

నేను పెట్టగలిగింది ఎనిమిది వేల రూపాయలు. నా వయసు యాభైకి దగ్గర పడింది, దూరపు చూపుకు కళ్లద్దాలు వాడుతున్నాను. నా ముందు మూడు దారులున్నాయి. ఒకటి సాధారణ 10×50. రెండోది 15×70, కాస్త అప్పు చేస్తే వస్తుంది. మూడోది ఆన్‌లైన్‌లో కనిపించిన ‘20–180×100 జూమ్’. ధర చూస్తే మూడు వేల లోపే, దానితో శని వలయాలు కూడా కనిపిస్తాయని ప్రకటనలో రాశారు. ఈ మూడింటిలో ఏది తగినదో, కొనేటప్పుడు దుకాణంలోనే ఏయే పరీక్షలు చేసుకోవచ్చో, మన ప్రాంతంలో దానితో ఏమేమి చూడవచ్చో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు – కడప నుంచి

సార్, ముందుగా ఆ మూడోదాన్ని లెక్కలోంచి తీసేయండి. మీరు భౌతికశాస్త్రం చెప్పేవారు కనుక లెక్క వేసి చూస్తే మీకే తెలిసిపోతుంది. బైనాక్యులర్ మీద ఉండే రెండు అంకెల్లో మొదటిది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో చెబుతుంది, రెండోది ముందు కటకం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతుంది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే, కంటి కటకం (మనం కన్ను ఆనించే వెనక కటకం) నుంచి బయటికి వచ్చే కాంతి వృత్తం వ్యాసం వస్తుంది. 10×50లో అది 5 మి.మీ., 15×70లో సుమారు 4.7 మి.మీ. అదే ప్రకటనలోని 180×100 నిజమే అనుకున్నా 0.6 మి.మీ. కూడా రాదు, అంత సన్నని కాంతిపుంజంలో నక్షత్రాల సంగతి అటుంచి చంద్రుడే మసకబారిపోతాడు. పైగా 180 రెట్లు అంటే చేతి వణుకు కూడా 180 రెట్లే. మూడు వేల లోపు అమ్మే ఈ జూమ్ రకాల్లో ముందు కటకం నిజంగా 100 మి.మీ. ఉంటుందని నమ్మడానికి ఏ కారణమూ లేదు.

ఇక మిగిలిన రెండింటిలో నేను నిస్సంకోచంగా 10×50నే చెబుతాను. నికాన్ వంటి సంస్థల మామూలు 10×50 పోర్రో నమూనాలు (ముందు కటకాలు కంటి కటకాల కంటే ఎడంగా ఉండే తరహావి) సుమారు 6.5 డిగ్రీల వెడల్పున ఆకాశాన్ని చూపుతాయి. అంటే పదమూడు పౌర్ణమి చంద్రుళ్లను పక్కపక్కన పేర్చినంత మేర. బరువు కిలోకు కొంచెం తక్కువ. 15×70 రకాల్లో, ఉదాహరణకు సెలెస్ట్రాన్ స్కైమాస్టర్‌లో, ఆ వెడల్పు 4.4 డిగ్రీలకు తగ్గిపోతుంది, బరువేమో కిలోన్నరకు దగ్గరవుతుంది. దాన్ని చేత్తో పట్టుకుని ఒక నిమిషం చూడగానే భుజాలు లాగుతాయి, బొమ్మ కదులుతూనే ఉంటుంది. కదిలే 15 రెట్ల బొమ్మ కంటే కదలని 10 రెట్ల బొమ్మలోనే ఎక్కువ నక్షత్రాలు కనిపిస్తాయి. 15×70 చెడ్డదని కాదు, దానికి గట్టి ట్రైపాడ్ తప్పనిసరి. ఆ ట్రైపాడ్ ఖర్చును కలుపుకోకుండా దాని ధరను 10×50తో పోల్చడం సరికాదు.

దుకాణంలో చేయదగిన పరీక్షలు మూడు ముఖ్యమైనవి. బైనాక్యులర్‌ను చేయి చాచినంత దూరంలో పట్టుకుని వెలుతురున్న గోడ వైపు తిప్పితే కంటి కటకాల్లో రెండు తెల్లని చుక్కలు కనిపిస్తాయి. అవి గుండ్రంగా, అంచు దాకా ఒకే వెలుగుతో ఉంటే లోపలి ప్రిజం మంచిది, సాధారణంగా దాన్ని బీఏకే4 గాజు అంటారు. అంచులు కోసేసినట్టుగా, నలుపలకలుగా కనిపిస్తే అది తక్కువ రకం. రెండో పరీక్షకు ముందు కటకాల మీద ట్యూబ్‌లైట్ ప్రతిబింబాన్ని చూడండి. లేత ఆకుపచ్చ, ఊదా రంగుల్లో మసకగా కనిపిస్తే కాంతిని నిలుపుకొనే పూతలు ఉన్నాయని అర్థం. తెల్లగా మెరిస్తే పూత లేదు. కెంపు రంగు అద్దంలా ఎర్రగా మెరిసేవాటిని అక్కడే వదిలేసి రండి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది. దూరంగా ఉన్న సెల్ టవర్‌ను గాని, కరెంటు తీగను గాని చూసి, బైనాక్యులర్‌ను కళ్ల నుంచి మెల్లగా ఒక జానెడు వెనక్కి జరపండి. రెండు వృత్తాల్లోనూ తీగ ఒకే మట్టంలో ఉండాలి. ఒకదానిలో పైకి, ఒకదానిలో కిందికి ఉంటే రెండు గొట్టాలూ ఒకే వైపు చూడటం లేదన్న మాట. మెదడు కొంతసేపు ఆ తేడాను సర్దుకుంటుంది గాని, పది నిమిషాల్లో తలనొప్పి మొదలవుతుంది. చవక రకాల్లో ఈ లోపం తరచుగా ఉంటుంది, అందుకే ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి తీసుకునే షరతు ఉన్నచోటే కొనండి.

శని వలయాల కోసం మాత్రం బైనాక్యులర్ కొనవద్దు. 10 రెట్లలో శని మెరిసే చుక్కగానే ఉంటుంది.

జవాబు – కర్నూలు నుంచి

కడప మిత్రులు చెప్పినదానిలో చాలా భాగం ఒప్పుకుంటూనే ఒక సవరణ చెబుతున్నాను. 10×50ను కూడా అందరూ కదలకుండా పట్టుకోలేరు. పిల్లలకు చూపించడమే ప్రధానమైతే 8×42ను కూడా ఆలోచనలో ఉంచుకోండి. దానిలోనూ కాంతి వృత్తం 5 మి.మీ. పైనే ఉంటుంది, బరువు తక్కువ, వణుకు తక్కువ. కనిపించే నక్షత్రాలు కొన్ని తగ్గుతాయి, అది నిజమే. ఇంకెవరైనా 7×50 కొనమంటే మీ వయసు గుర్తు చేసుకోండి. దాని నుంచి 7 మి.మీ. వృత్తం వస్తుంది, పడుచువారి కంటి పాప చీకట్లో అంత విచ్చుకుంటుంది గాని, యాభై ఏళ్లవారిలో చాలామందికి 5, 6 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన కాంతి కంటి బయటే వృథా అవుతుంది.

మీ కళ్లద్దాల సంగతి కూడా ముఖ్యమే. ఒట్టి దూరపు చూపు లోపమే అయితే అద్దాలు తీసేసి చూడవచ్చు, ఫోకస్ చక్రం ఆ తేడాను సరిదిద్దుతుంది. సిలిండర్ పవర్ (ఫోకస్ చక్రంతో సరికాని ఆస్టిగ్మాటిజం లోపానికి ఇచ్చేది) ఎక్కువగా ఉంటే అద్దాలతోనే చూడాలి. అప్పుడు కంటి కటకానికి 15 మి.మీ. దూరం నుంచి కూడా పూర్తి దృశ్యం కనిపించే నమూనాను ఎంచుకోవాలి. పెట్టె మీద దీన్ని ‘ఐ రిలీఫ్’ అని రాస్తారు. చవక 10×50లలో చాలావాటికి అది 12 మి.మీ. దగ్గరే ఉంటుంది, కనుక కళ్లద్దాలతో చూసేవారికి దృశ్యం అంచులు కత్తిరించినట్టు కనిపిస్తాయి. ఈ ఒక్క కారణంతోనే మీ ఎంపిక మారిపోవచ్చు.

పిల్లల విషయంలో ఇంకో సంగతి. చాలా బైనాక్యులర్లు రెండు కళ్ల మధ్య దూరాన్ని 56 మి.మీ. వరకే దగ్గరికి తేగలవు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇబ్బంది ఉండకపోవచ్చు గాని, వాళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ వెంట వస్తే ఒక కంటితోనే చూడవలసి వస్తుంది. ఇక పగటిపూట ఏ పిల్లవాడి చేతికీ దాన్ని ఒంటరిగా ఇవ్వవద్దు. బైనాక్యులర్‌తో సూర్యుణ్ణి ఒక్క క్షణం చూసినా చూపు పోతుంది.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. నాకు సిలిండర్ పవర్ స్వల్పమేనని కళ్ల డాక్టరు గతంలోనే చెప్పారు, కనుక అద్దాలు తీసి చూడగలను. 10×50 వైపే మొగ్గుతున్నాను. ఇప్పుడు రెండు సందేహాలున్నాయి. ట్రైపాడ్ లేకుండా దాన్ని కదలకుండా పట్టుకునే ఉపాయం ఏమిటి? మన అక్షాంశం నుంచి ప్రత్యేకంగా చూడదగినవి ఏమైనా ఉన్నాయా, లేక పుస్తకాల్లో ఉత్తరాది వారికి రాసినవే మనకూనా?

జవాబు – కడప నుంచి

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే రాయలసీమవాళ్లు తమ దక్షిణాకాశాన్ని పట్టించుకోరన్నది నాకు ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదు. అనంతపురం 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. ఓమెగా సెంటారీ అనే గోళాకార నక్షత్రగుచ్ఛం ఢిల్లీలో క్షితిజానికి 14 డిగ్రీల ఎత్తుకు మించి లేవదు, అక్కడి ధూళిలోనే కలిసిపోతుంది. మీ మిద్దె మీద అది దాదాపు 28 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. మే నెల మధ్యలో రాత్రి 10 దాటాక చిత్త నక్షత్రం సరిగ్గా దక్షిణం మీదికి చేరుతుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. చిత్త నుంచి నిలువుగా కిందికి మూడున్నర పిడికిళ్లు కొలిచి అక్కడ బైనాక్యులర్ తిప్పండి. పలక మీద రాలిన సుద్దపొడిని వేలితో అద్దినట్టు ఒక గుండ్రని తెల్లని మచ్చ కనిపిస్తుంది. అది సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న లక్షలాది నక్షత్రాల గుంపు. ఒక్కొక్క నక్షత్రం విడిగా కనిపించదని పిల్లలకు ముందే చెప్పండి, లేకపోతే నిరాశపడతారు.

మార్చి, ఏప్రిల్ నెలల తెల్లవారుజామున వృశ్చికం తోక చూడండి. మూల నక్షత్రానికి ఎడమగా, కొంచెం పైన, ఎం6, ఎం7 అనే రెండు నక్షత్రగుచ్ఛాలు 10×50 దృశ్యంలో ఒకేసారి ఇముడుతాయి. 15×70లో ఆ రెండూ కలిసి ఇమడడం కష్టం. వెడల్పు విలువ ఇలాంటి చోటే తెలుస్తుంది. ఈ చలికాలానికైతే కృత్తికలు చాలు. మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే ఆ గుంపులో మామూలు కంటికి ఆరు కనిపిస్తే, బైనాక్యులర్‌లో పదుల కొద్దీ కనిపిస్తాయి. మృగశిర కింద ఓరియన్ నెబ్యులా అనే వాయుమేఘం, నవంబరులో రాత్రి 9 ప్రాంతంలో ఉత్తరం వైపు ఎత్తుగా ఉండే ఆండ్రోమెడా గెలాక్సీ కూడా మామూలు కంటికి అందని రూపంలో కనిపిస్తాయి. ఆండ్రోమెడా నుంచి మీ కంటికి చేరే కాంతి సుమారు 25 లక్షల సంవత్సరాల క్రితం బయలుదేరింది.

చంద్రుణ్ణి పౌర్ణమి నాడు చూపించకండి. శుద్ధ అష్టమి ప్రాంతంలో వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి నీడలు పొడుగ్గా పడతాయి, బిలాలు అక్కడే స్పష్టంగా తెలుస్తాయి. గురుడి నాలుగు పెద్ద ఉపగ్రహాలు కూడా 10 రెట్లలో కనిపిస్తాయి గాని, చెయ్యి కదిలితే ఒక్కటీ కనిపించదు. 1610లో గెలీలియో వాటిని సుమారు 20 రెట్ల దుర్భిణితో చూశాడు, దాని దృశ్యం మీ 10×50 కంటే ఎంతో ఇరుకైనది.

జవాబు – కర్నూలు నుంచి

పట్టుకునే ఉపాయం నేను చెబుతాను. తలకు మించిన ఎత్తులో ఉన్నవాటికి మడతమంచం గాని, నవారు మంచం గాని వేసుకుని పడుకుని చూడండి. మోచేతులు పక్కలకు ఆనుతాయి, మెడ నొప్పి ఉండదు. దక్షిణాన కింద ఉన్నవాటికి మిద్దె పిట్టగోడ మీద దిండు పెట్టి మోచేతులు ఆనించండి. నిలబడే చూడవలసి వస్తే, నిలువెత్తు కర్ర ఒకటి నేల మీద ఆనించి, పైభాగాన్ని రెండు గొట్టాల మధ్య నుంచి బైనాక్యులర్‌తో కలిపి పట్టుకోండి. ఆశ్చర్యం అనిపిస్తుంది గాని, సగం వణుకు పోతుంది.

పిల్లలకు చూపించే రోజున మాత్రం ట్రైపాడ్ కావాలి, లేకపోతే ఒక్కొక్కరూ వెతుక్కోవడంతోనే రాత్రి గడిచిపోతుంది. బైనాక్యులర్ మధ్య ఇరుసు ముందు భాగంలో చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. దాన్ని తిప్పి తీస్తే లోపల కెమెరా ట్రైపాడ్‌కు సరిపోయే మర కనిపిస్తుంది, దానికి ఎల్ ఆకారపు అడాప్టర్ బిగించాలి. మర లేని నమూనాలూ ఉన్నాయి గనుక కొనేటప్పుడే ఆ మూత తీసి చూడండి. ఫోన్ల కోసం అమ్మే సన్నని ట్రైపాడ్లు ఆ బరువును మోయలేవు.

ఫోకస్ చేసే పద్ధతి పిల్లలకు ముందే నేర్పండి. కుడి వైపు ముందు కటకాన్ని మూతతో కప్పి, ఎడమ కంటితో ఒక నక్షత్రాన్ని చూస్తూ మధ్య చక్రం తిప్పి దాన్ని సన్నని చుక్కగా మార్చాలి. తర్వాత ఎడమ వైపు కప్పి, కుడి కంటి కటకం చుట్టూ ఉండే రింగును మాత్రమే తిప్పాలి. మీకు కుదిరిన రింగు గుర్తును ఒక చీటీ మీద రాసుకుంటే, పిల్లలు తిప్పేసినా మళ్లీ అక్కడికి తేవచ్చు. చూడడానికి ముందు అరగంట సేపు ఫోన్ వెలుతురు పడకుండా ఉండాలి. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోండి.

మన దగ్గర తేమతో బూజు పట్టడం కంటే దుమ్ముతోనే నష్టం ఎక్కువ, ముఖ్యంగా ఆషాఢం గాలుల్లో. కటకం మీద దుమ్ము కనిపించగానే తువ్వాలుతో తుడిస్తే ఇసుక రేణువులు పూతను గీరేస్తాయి. ముందు గాలి బుడ్డితో ఊదండి, మెత్తని బ్రష్షుతో దులపండి, చివరికి మాత్రమే కళ్లద్దాల గుడ్డ వాడండి. కొద్దిపాటి దుమ్ము ఉన్నా దృశ్యంలో తేడా తెలియదు కనుక, ఏడాదికి ఒకటి రెండు సార్లు శుభ్రం చేస్తే చాలు.