పన్నెండేళ్లు షెడ్డులో ఉన్న పద్మిని కారు, మూడో సిలిండర్ కంప్రెషన్ సున్నా: హెడ్ దించాలా, వద్దా?

యలహంక పద్మిని: నాన్నగారి 1989 మోడల్ ప్రీమియర్ పద్మిని 2012 నుంచి షెడ్డులోనే ఉంది. పోయిన ఆదివారం పాత పెట్రోలు తీసేసి, కొత్తది పోసి, బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టాను. పది సెకన్లు ఆడింది. తర్వాత టక్ టక్ టక్‌మని శబ్దం, మిస్సింగ్. వెంటనే ఆపేశాను. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు లోపల వచ్చే ఒత్తిడి) చూపిస్తే 120, 115, 0, 118 పీఎస్ఐ. మెకానిక్ హెడ్ (సిలిండర్ల పైమూత, వాల్వులు ఉండేది) దించాల్సిందే అంటున్నాడు. మీరేమంటారు?

స్పానర్ సీనియర్: సున్నా వచ్చాక ఇంకేం చూస్తావు తమ్ముడూ? హెడ్ దించు, వాల్వులు గ్రైండింగ్ చేయించు, గ్యాస్కెట్ మార్చు. ముప్పై ఏళ్లుగా నా పని ఇదే.

అంబి మల్లేశ్వరం: అంత తొందరెందుకు? ముందు ఇంజిన్ పైనున్న ట్యాపెట్ కవర్ తీసి, మూడో సిలిండర్ రాకర్లు (వాల్వులను నొక్కే మీటలు) చేత్తో కదపండి. పాత పెట్రోలు జిగురు పట్టో, తేమకు గైడ్‌లో (కాడ ఆడే గొట్టంలో) తుప్పు పట్టో వాల్వు కాడ ఇరుక్కుపోతుంది. తెరుచుకున్నప్పుడు ఇరుక్కుంటే కంప్రెషన్ సున్నా, రాకర్ వదులు, టక్ టక్. మీరు చెప్పినవన్నీ అవే. మూసుకుని ఇరుక్కుంటే మాత్రం కామ్ నెట్టేసరికి పుష్‌రాడ్ (రాకర్‌ను కదిపే కడ్డీ) వంగుతుంది.

నాలుగో గేరు: సెల్ఫ్ కొట్టేముందు ప్లగ్గులు తీసి, కాస్త ఆయిల్ వేసి, ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి ఉండాల్సింది.

ఇథనాల్ బాధితుడు: కొత్త పెట్రోలు అంటే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపినది) కదా? కొంప ముంచింది అదే.

అంబి మల్లేశ్వరం: ఈ20ని 2023 ఫిబ్రవరిలో మన బెంగళూరులోనే విడుదల చేశారు. బండి ఆగింది 2012లో. పది సెకన్లలో వాల్వు పట్టేస్తుందా? రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ మార్చమనండి, ఒప్పుకుంటా.

ఇథనాల్ బాధితుడు: చూశారా, దానిలో తప్పుందని మీరే ఒప్పుకున్నారు.

స్పానర్ సీనియర్: సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కంప్రెషన్ చూడు. పెరిగితే లోపం పిస్టన్ రింగులది, పెరక్కపోతే వాల్వుది. వాల్వు అయితే హెడ్ దించకుండా ఏం చేస్తారు సార్?

అంబి మల్లేశ్వరం: ఏ వాల్వో తెలియాలి కదా. పిస్టన్‌ను కంప్రెషన్‌లో పైకి తెచ్చి ప్లగ్ రంధ్రంలోంచి గాలి కొట్టండి. కార్బురేటర్‌లో బుస్సుమంటే ఇన్‌లెట్, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్, ఆయిల్ పోసే దగ్గరైతే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్. నా అంబాసిడర్‌కు ఇవేవీ చూడకుండా హెడ్ దించారు. పుష్‌రాడ్‌లు వరస గుర్తుపెట్టకుండా ఒకే డబ్బాలో పడేశారు. ఐదు నెలలు షాపులో పడుంది. చివరికి అరిగింది ఒకే ఒక్క రాకర్!

స్పానర్ సీనియర్: అదిగో, అసలు మాట బయటపడింది. ఎవడో నీ బండి పాడుచేస్తే మా అందర్నీ దొంగలంటావా? పైపైన సరిచేసి ఇచ్చాననుకో. నెల తిరక్కముందే వాల్వు మళ్లీ పట్టేస్తే తిట్లు తినేది ఎవరు? నేను. మళ్లీ చేసే పనికి కూలి ఎవడిస్తాడు? ఒక్కడూ ఇవ్వడు. అందుకే దించుతా.

అంబి మల్లేశ్వరం: ఈ ముక్క మొదటే చెప్పి ఉంటే సరిపోయేది గురువుగారూ. రేపు మాట పడకూడదని మీరు దించమంటున్నారు. బిల్లు కట్టేది ఆయన.

నాలుగో గేరు: పాపం, అడిగినాయన ఎక్కడ?

యలహంక పద్మిని: ఇక్కడే ఉన్నా. ట్యాపెట్ కవర్ నేనే తీశాను. మూడో ఎగ్జాస్ట్ వాల్వు కిందికి దిగి అలాగే ఉండిపోయింది. పుష్‌రాడ్ రాకర్ కిందినుంచి జారి పక్కకు వాలింది. అద్దం మీద దొర్లిస్తే కొంచెం వంకర. వాల్వు కాడకు రెండు రోజులు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పట్టించి, రబ్బరు సుత్తితో మెల్లిగా తడితే పైకొచ్చింది. జేసీ రోడ్డులో వేరే పుష్‌రాడ్ దొరికింది. ఇప్పుడు శబ్దం లేదు. మూడోది 85.

స్పానర్ సీనియర్: 85 అంటే వాల్వు సీటు మీద సరిగా కూర్చోవట్లేదు. చెప్పానా? దించు.

అంబి మల్లేశ్వరం: సీటు మీద మసి ఉంటుంది. రెండొందల కిలోమీటర్లు తిప్పి మళ్లీ కొలవండి.

ఇథనాల్ బాధితుడు: ఈ20 పోసి మాత్రం తిప్పొద్దు.

యలహంక పద్మిని: ఆర్‌సీ గడువు 2014లోనే అయిపోయింది అన్నలారా. ప్రస్తుతానికి షెడ్డు నుంచి గేటు దాకానే.