ఫీనిక్స్ చలికి గ్యాస్ ఫర్నేసా, హీట్ పంపా?

కాక్టస్_చాండ్లర్:
మాది అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో 2004లో కట్టిన ఇల్లు, 1,900 చదరపు అడుగులు. ఏసీ, గ్యాస్ ఫర్నేస్ (గ్యాస్ మండించి ఇంటికి వేడి ఇచ్చేది) కలిపి ఒకే డబ్బాగా పైకప్పు మీద ఉంటుంది. మొన్న రాత్రి హీట్ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది గానీ వచ్చేది చల్లగాలే. చూడటానికి వచ్చినతను హీట్ ఎక్స్చేంజర్, అంటే మంట వేడిని ఇంట్లోకి వచ్చే గాలికి అందించే భాగం, పగిలిందని ఫోన్‌లో ఫొటో చూపించి, దానికి గ్యాస్ కట్టేసి వెళ్లిపోయాడు. 20 ఏళ్లు దాటిన యూనిట్ కాబట్టి మొత్తం మార్చేయడమే మేలని నాకూ అర్థమైంది.

రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకాయన మళ్లీ గ్యాసే పెట్టమంటాడు, ఇంకో ఆయన హీట్ పంప్ తప్ప వద్దంటాడు. మా అత్తగారూ మామగారూ రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. మామగారు మంకీ క్యాప్ తీయడం లేదు, "ఇదేం ఎడారి అల్లుడూ, పొద్దున్నే వణుకు పుడుతోంది" అంటున్నారు. ప్రస్తుతం ఒక 1,500 వాట్ల చిన్న హీటర్‌తో నెట్టుకొస్తున్నాం. ఇక్కడ రెండూ వాడినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, తొందరగా తేల్చుకోవాలి.

గిల్బర్ట్_పక్షి:
అన్నా, ఫీనిక్స్‌లో మనం కొనేది ఏసీ, హీటర్ దానితో వచ్చే కొసరు. 2023లో వరసగా 31 రోజులు 110 ఫారెన్‌హీట్ తగ్గలేదు గుర్తుందా, ఆ ఎండను తట్టుకునేలా ఎలాగూ పెద్ద కంప్రెసర్ కొంటున్నప్పుడు చలికాలం దాన్నే బయటి వేడిని లోపలికి లాగేలా తిరగేసి నడిపితే సరిపోతుంది, హీట్ పంప్ అంటే అంతే. ఇక్కడ జనవరి రాత్రి మామూలుగా 45 దగ్గర ఆగుతుంది, మధ్యాహ్నానికి 65 దాటుతుంది. ఆ చలిలో మంచి హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుకి ఇంచుమించు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది.

లెక్క నువ్వే వేసుకో. ఒక థర్మ్ (గ్యాస్ బిల్లులో వాడే కొలత) గ్యాస్‌లో 29.3 యూనిట్ల వేడి ఉంటుంది, 80 శాతం ఫర్నేస్ అయితే ఇంట్లోకి వచ్చేది 23.4. అంత వేడికి హీట్ పంప్ తాగేది 8 యూనిట్ల లోపే. నీ కరెంటు రేటు యూనిట్‌కి 12 సెంట్లయితే 95 సెంట్ల లోపే. గ్యాస్ బిల్లులో థర్మ్ రేటు అంతకన్నా ఎక్కువుంటే హీట్ పంపే చవక. కాకపోతే స్టవ్, వేణ్నీళ్లు కూడా గ్యాస్ మీదే ఉంటే నెలవారీ ఫిక్స్‌డ్ ఛార్జీ మాత్రం ఎటూ పోదు.

ఇంకోటి, హీట్ పంపులకి 2,000 డాలర్ల దాకా ఇచ్చిన ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో అయిపోయింది. ఎవరైనా ఇంకా దాన్ని తీసేసి ధర చెబుతుంటే అక్కడే పట్టుకో.

మెసా_నిమ్మచెట్టు:
మేం గ్యాస్ నుంచి మారి ఇది మూడో చలికాలం అండీ. బిల్లు సంగతి బాగానే ఉంది, కానీ సుఖం సంగతి ఎవరూ చెప్పరు. గ్యాస్ గాలి వేడిగా మొహానికి కొడుతుంది, హీట్ పంప్ గాలి దాదాపు మన ఒంటి వేడి అంతే ఉంటుంది, కాబట్టి వెంట్ (గదిలోకి గాలి వచ్చే జాలీ) సరిగ్గా మంచం మీదుంటే పడుకున్నవాళ్లకి అది చల్లగాలే. మొదటి వారం మా అమ్మ "ఇది హీటరా, ఫ్యానా" అని నిలదీసింది! తర్వాత వెంట్ రెక్కలు గోడ వైపు తిప్పించాం, గొడవ సద్దుమణిగింది.

రాత్రి 60కి దించి పొద్దున్నే 72కి లేపే అలవాటుంటే మానేయండి. ఒక్కసారిగా అంత లేపితే లోపలున్న కరెంటు కాయిల్, అంటే హీట్ స్ట్రిప్, అందుకుంటుంది, అదేమో యూనిట్‌కి యూనిటే వేడి ఇస్తుంది. పైగా కొన్ని కరెంటు ప్లాన్లలో చలికాలం పొద్దున కూడా పీక్ రేటే, అంటే ఎక్కువ రేటు. 69 పెట్టి వదిలేయండి.

డక్ట్_డాక్టర్:
ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా, హీట్ స్ట్రిప్ విషయం ముందే తేల్చుకోండి. 10 కిలోవాట్ల స్ట్రిప్ 240 వోల్టుల మీద 42 ఆంపుల దాకా లాగుతుంది. గ్యాస్ యూనిట్‌కి వేసిన పాత వైరుకి ఆ లోడు లెక్కలో లేదు, కొత్త లైను, బ్రేకరు కావాలి, ప్యానెల్‌లో చోటుందో లేదో కూడా చూడాలి. ఇది కొటేషన్‌లో రాయకుండా క్రేన్ వచ్చిన రోజు చెప్పేవాళ్లున్నారు. మన ఫీనిక్స్ లోయలో 5 కిలోవాట్లది చాలు, చాలా ఇళ్లలో అదీ అక్కర్లేదు. ఫ్లాగ్‌స్టాఫ్ అయితే మాట వేరు, అది 7,000 అడుగుల ఎత్తు, మంచు కురిసే ఊరు.

గ్యాస్ వైపు ఒక్క మంచి మాట: చలికాలం కంప్రెసర్‌కి విశ్రాంతి దొరుకుతుంది. హీట్ పంప్‌లో అది రెండు కాలాలూ తిరగాలి.

అన్నిటికన్నా ముందు అటక ఎక్కి డక్టులు (గదులకి గాలి మోసే గొట్టాలు) చూడండి. జాయింటు దగ్గర టేపు ఊడితే ఏ యంత్రం పెట్టినా వేడి కొంత అటకకే.

కాక్టస్_చాండ్లర్:
పొద్దున ఎక్కి చూశా. హాలు వైపు డక్టు జాయింటు దగ్గర టేపు అప్పడంలా ఎండి వేలాడుతోంది, చెయ్యి పెడితే ఇన్సులేషన్ పొడి రాలింది. గ్యాస్ రేటు కూడా లెక్కేశా, మా బిల్లు ప్రకారం హీట్ పంప్ వైపే మొగ్గుతోంది. 5 కిలోవాట్ల స్ట్రిప్, దానికి వేరే బ్రేకరు, డక్టు సీలింగ్ మూడూ రాసి కొత్త కొటేషన్ పంపమన్నాను, రేపు వస్తుందట. మామగారికి ఇదంతా వివరంగా చెబితే ఓపిగ్గా విని, "ఏదో ఒకటి పెట్టించు గానీ ముందు ఆ వెంట్ నా మంచం మీంచి తిప్పించు" అన్నారు. నిచ్చెన ఇంకా లోపల పెట్టలేదు, ఇప్పుడే ఆ పని మీదున్నా.