పెరట్లో ఎయిర్ గన్ కొట్టడం ఇక ఆపేయాలంటారా? చుట్టూ ఇళ్ళు వచ్చేశాయి (పోరంకి)

పోరంకి_లోపల:
అందరికీ నమస్తే అండి. మాది పోరంకి, బందరు రోడ్డు మీద నుంచి లోపలికి రావాలి. ఇల్లు, పెరడు కలిపి పది సెంట్లు. నాన్న కొన్న ఎయిర్ గన్ ఒకటుంది, .177 (గొట్టం లోపలి వెడల్పు అంగుళాల్లో, దాన్నే బోరు అంటారు), జర్మనీ వాళ్ళ డయానా 35 మోడల్‌కి మనోళ్ళు చేసిన కాపీ, బ్యారెల్ మడిచి లోడ్ చేసే రకం. ఆయన పోయాక నేనే వాడుతున్నా, వాడటం అంటే ఆదివారం పొద్దున్నే వెనక ప్రహరీకి ఇసుక బస్తాలు ఆనించి, ముందు పేపర్ టార్గెట్ తగిలించి, పది మీటర్ల నుంచి ఓ అరగంట కొట్టుకోవడం, అంతే. పిట్టలు, ఉడతల జోలికి ఎప్పుడూ పోలేదు, నాన్న ఉన్నప్పటి నుంచీ అది ఇంటి రూలు.

సంగతేంటంటే ఒకప్పుడు ఆ గోడ అవతల వరి చేను, దాని వెనక చెరుకు, కనుచూపు మేరలో ఒక్క మోటార్ షెడ్డు. తర్వాత చేను పూడ్చి ప్లాట్లు వేశారు, రాళ్ళు పాతారు, చాన్నాళ్ళు ఖాళీగానే ఉంది. రాజధాని మాట మళ్ళీ ఊపందుకున్నాక మొత్తం మారిపోయింది. పడమర పక్క జీ+4 లేచింది, సరిగ్గా నా టార్గెట్ వెనకాల డూప్లెక్స్ కట్టారు, వాళ్ళ పైగది కిటికీ మా గోడ మీంచి కనిపిస్తది. ఇద్దరు చిన్న పిల్లలు. ఇప్పటిదాకా ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు, ఆ డూప్లెక్స్ ఆయన మాత్రం మొన్న గేటు దగ్గర కలిసి "ఆదివారం పూట టప్ టప్‌మని సౌండ్ వస్తది, ఏంటండీ అది" అని నవ్వుతూనే అడిగారు. మా ఆవిడ ఆ రోజు నుంచీ తీసి అటక మీద పెట్టెయ్ అంటోంది. గోడ ఇంకో నాలుగడుగులు లేపి రేకు కొడితే సరిపోద్దా, లేదా డాబా మీదకి మారాలా, లేదా పూర్తిగా వదిలెయ్యాల్సిందేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

బెజవాడ_బాబ్జీ:
వదిలెయ్యడం ఏంటి గురూ, .177 కి లైసెన్సే అక్కర్లేదు కదా, మన స్థలం మన ఇష్టం. వాళ్ళు కదా కొత్తగా వచ్చింది, నువ్వు ఎప్పటి నుంచో ఉన్నావ్. ఇంకో వరస బస్తాలు వేసి కానిచ్చెయ్. మా వీధిలో అయితే తెల్లారి నాలుక్కే మైకు పెడతారు, దాంతో పోలిస్తే నీ టప్ టప్ ఎంత.

గురి_పదిమీటర్లు:
బాబ్జీ అన్నా, సౌండ్ గురించి ఆయన అడగట్లేదు.

పోరంకి గారూ, నేను కాలేజీ రోజుల్లో 10 మీటర్ల రైఫిల్ స్టేట్ లెవెల్ దాకా ఆడాను, తర్వాత ఉద్యోగం వచ్చి ఆగిపోయింది, ఇప్పుడు మా అబ్బాయికి నేర్పిస్తున్నా. కాబట్టి ఈ ఆట మీద ప్రేమ ఉన్నవాడిగానే చెప్తున్నా, బయట కొట్టడం మాత్రం ఆపెయ్యండి. ఇన్నాళ్ళూ మిమ్మల్ని కాపాడింది మీ గురీ కాదు, ఆ ఇసుక బస్తాలూ కాదు, గోడ అవతల మనిషి లేకపోవడం. బస్తాలు ఆపేది మీరు సరిగ్గా కొట్టిన పెల్లెట్‌ని, అంటే ఆ చిన్న సీసపు గుండుని. బాధ వచ్చేది మీరు కొట్టాలనుకోని దాంతో. బ్యారెల్ మూసేటప్పుడు వేలు ట్రిగ్గర్ మీద ఉండి పేలినా, పాత గన్ కాబట్టి సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా స్ప్రింగ్‌ని పట్టి ఉంచే కొక్కెం) అరిగి దానంతటదే జారినా, చీమ కుట్టి చెయ్యి లేచినా, ఆ ఒక్కటి గోడ పైనుంచి పోతుంది. ముందయితే వరి చేలో పడేది, ఎవరికీ తెలిసేది కూడా కాదు.

లెక్క చూడండి. మామూలు .177 పెల్లెట్ అర గ్రాము ఉంటుంది, సెకనుకి 200 మీటర్లు పోతే 10 జౌల్స్ శక్తి. వినడానికి చిన్నదే, కానీ కన్ను పోవడానికి అంత కూడా అక్కర్లేదు. కాస్త ఎత్తుగా పేలితే రెండొందల మీటర్లు దాటి పడుతుంది, మీ డూప్లెక్స్ ఎంత దూరంలో ఉంది? ఇరవై మీటర్లు?

రేకు ఆలోచన అస్సలొద్దు. మెత్తటి సీసం గట్టి దానికి తగిలితే ముక్కలై వెనక్కో పక్కకో ఎగురుతుంది, రేకు వంకరగా ఉంటే ఎటు పోతుందో మీరు చెప్పలేరు. డాబా ఇంకా దారుణం, పిట్టగోడ మూడడుగులు, దాని మీంచి పోయిన ప్రతీదీ ఊరి మీదకే.

ఇంకోటి, పిల్లలు. బంతి మీ పెరట్లో పడితే అడగడానికి గేటు దాకా తిరిగి రారు, గోడెక్కి తొంగి చూస్తారు. మీరేమో గన్ మీద గురి చూసే సైట్‌లో నల్లచుక్క తప్ప ఇంకేదీ చూడట్లేదు ఆ టైములో. రేంజ్‌లో ఎవరైనా గీత దాటితే ఆపమని అరవడానికి ఒక మనిషి ఉంటాడు, మీ పెరట్లో ఎవరున్నారు?

కోర్ట్_సెంటర్_గుంటూరు:
లైసెన్స్ విషయం కాస్త క్లియర్ చేస్తా, ఎందుకంటే బాబ్జీ గారు చెప్పింది సగమే. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్లు అంటే .177 లోపు బోరు, 20 జౌల్స్ లోపు శక్తి, ఈ రెండూ ఉంటేనే లైసెన్స్ అక్కర్లేదు. పాత రోజుల్లో చెక్క పలకలోంచి పెల్లెట్ దూరుతుందా లేదా అని టెస్ట్ ఉండేది, అది పాసైన .22 లు కూడా చాలా ఇళ్ళల్లో ఉన్నాయి, ఇప్పుడు వాటికి లైసెన్స్ కావాలి. ఇది చదివేవాళ్ళల్లో ఎవరింట్లో అయినా తాతల నాటి ఎయిర్ గన్ ఉంటే ముందు బోరు చూసుకోండి.

రెండోది, లైసెన్స్ అక్కర్లేదు అంటే ఎక్కడైనా కొట్టొచ్చు అని కాదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125, పాత ఐపీసీలో 336 ఉండేది చూడండి, అది ఎదుటివాళ్ళ ప్రాణానికో భద్రతకో ముప్పు వచ్చేలా నిర్లక్ష్యంగా ఏం చేసినా వర్తిస్తుంది, ఎవరికీ దెబ్బ తగలకపోయినా మూడు నెలల దాకా జైలు లేదా 2,500 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. దెబ్బ తగిలితే ఇంకా పెరుగుతుంది. నేను ముందు నుంచీ ఉన్నా, వాళ్ళే కొత్తగా వచ్చారు అన్న వాదన అక్కడ పనికిరాదండీ. చేను ఉన్నప్పుడు నిర్లక్ష్యం కానిది ఇల్లు కట్టాక అవుతుంది, మీరు ఏమీ మార్చకపోయినా సరే.

కానూరు_కల్యాణి:
నేను గన్నుల గురించి మాట్లాడను, నాకు తెలీదు కూడా. గోడకి అవతల వైపు ఉన్నదాన్ని కాబట్టి రాస్తున్నా. మా వెనక బిల్డింగ్‌లో ఒకాయన పావురాలు రెట్టలేస్తున్నాయని బాల్కనీ లోంచి ఎయిర్ గన్‌తో కొట్టేవాడు, పేరు వద్దులెండి. అది చూసినప్పటి నుంచీ మా పాపని వెనక బాల్కనీలోకి పంపలేదు, బట్టలు కూడా ముందు వైపే ఆరేసుకునేవాళ్ళం. కానీ మేమెవరం వెళ్ళి ఆయన్ని అడగలేదు. చేతిలో తుపాకీ ఉన్న మనిషి తలుపు తట్టి "ఏవండీ మాకు భయంగా ఉంది" అని ఎవరు చెప్తారండీ, అది పిల్లలాడుకునేదా పెద్దదా అని మాకేం తెలుసు. అందుకే "ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు" అన్నదాన్ని మీరు లెక్కలోకి తీసుకోవద్దు. ఆ డూప్లెక్స్ ఆయన నవ్వుతూ అడిగారంటే అదే కంప్లైంట్ అనుకోండి. మీరు పిట్టల్ని కొట్టరు, మంచోరే, ఆయనకి ఆ సంగతి ఎవరు చెప్పారు?

బెజవాడ_బాబ్జీ:
సరే సరే అందరూ నా మీద పడిపోయారు. కానీ ఒక్క మాట, ఇలా ఒక్కోటీ తీసేసుకుంటూ పోతే ఊళ్ళో ఏం మిగులుద్ది. చిన్నప్పుడు పీడబ్ల్యూడీ గ్రౌండ్స్‌లో ఎగ్జిబిషన్ వస్తే బెలూన్ షూటింగ్ దగ్గర నుంచి నన్ను లాక్కొచ్చేవాళ్ళు, ఆ గన్నుల సైట్లు కావాలని వంచి పెట్టేవాళ్ళని పెద్దయ్యాక తెలిసింది. 2024 నుంచి అక్కడ అంబేడ్కర్ విగ్రహం ఉంది, బానే ఉంది, కాదనట్లేదు. ఆ స్టాల్‌లో కూడా బెలూన్ల వెనక మందపాటి చెక్క, దాని మీద గోనె పట్టా ఉండేది, ఇప్పుడు గుర్తొస్తోంది. ఇంతకీ పెంట్‌హౌస్‌లోనో హాల్లోనో కొట్టుకోకూడదా?

పోరంకి_లోపల:
అందరికీ థాంక్సండీ. కోర్ట్ సెంటర్ గారూ, నాది .177 యే, బిల్లు కూడా నాన్న ఫైల్లో ఉంది. కల్యాణి గారు చెప్పింది మా ఆవిడకి చదివి వినిపించా, "నేను చెప్తే వినలా" అని ఒక చూపు చూసింది. డూప్లెక్స్ ఆయనతో ఇవాళ సాయంత్రం మాట్లాడి, ఇక పెరట్లో కొట్టనని చెప్పేస్తా, గన్ కూడా చూపించమంటే చూపిస్తా.

ఇక పెరడు అయిపోయింది అనుకుంటున్నా. రూలు ప్రకారం అయినా కాకపోయినా, ఆ కిటికీ కనిపిస్తుండగా ఇక నాకు మనసొప్పదు. కొంచెం వెలితిగానే ఉంటది. బాబ్జీ అన్న అడిగిందే నేనూ అడుగుతున్నా, మా హాల్లోంచి వెనక గది గోడ దాకా టేపు పెట్టి చూస్తే పది మీటర్లు రాదు, ఆరు దాకా వస్తది. దారిలో వంటింటి తలుపు ఒకటి పక్కకి తెరుచుకుంటది. ఆరు మీటర్లలో కొట్టడం అసలు ప్రాక్టీస్ కింద లెక్కేనా? అమ్మేద్దామా అని కూడా ఒక ఆలోచన.

గురి_పదిమీటర్లు:
లెక్కే సార్, బ్రహ్మాండంగా లెక్కే. పది మీటర్ల ఆటని ప్రపంచమంతా హాల్ లోపలే ఆడతారు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రాకి బంగారం వచ్చినా, 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్‌కి కాంస్యం వచ్చినా ఇదే ఆటలో. రైఫిల్ టార్గెట్ కార్డు మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, మీ ఆరు మీటర్లలో బాక్సూ, మీరు నిలబడే చోటూ పోను అయిదు మీటర్లే మిగిలితే కార్డుని సగం సైజుకి ప్రింట్ తీసుకోండి, కంటికి అదే బొమ్మ. నిలబడటం, ఊపిరి, ట్రిగ్గర్ నెమ్మదిగా నొక్కడం, ఇవన్నీ దూరంతో మారవు. సైట్ సెట్టింగ్ మాత్రం మళ్ళీ చేసుకోవాలి.

పెల్లెట్లని ఆపే టార్గెట్ బాక్సు కోసం చెక్కతో రెండడుగుల పెట్టె చేయించి, లోపల వెనక్కి మూడు మిల్లీమీటర్ల ఇనప ప్లేటు, దాని ముందు పాత చీరలు, లుంగీలు దిట్టంగా కూరండి, వదులుగా ఉంటే పెల్లెట్ ప్లేటు దాకా వెళ్ళిపోతుంది. ముందు అట్ట, దాని మీద కార్డు. ఒకే చోట పడుతుంటే మధ్యలో గుడ్డ చిరిగి గుంట పడుతుంది, అప్పుడప్పుడూ తీసి తిప్పి పెట్టుకోవాలి. బాక్సు వెనక ఉండేది ఇటుక గోడే అయ్యుండాలి, కిటికీ గానీ తలుపు గానీ ప్లైవుడ్ పార్టిషన్ గానీ కాదు.

అసలు తలనొప్పి మీ వంటింటి తలుపు. గడియ మీ వైపు నుంచి వేసుకోవాలి, "కొడుతున్నా రావద్దు" అని అరిస్తే సరిపోదు, కుక్కర్ విజిల్‌లో ఎవరికీ వినపడదు. గడియ పడని ఇల్లయితే అసలు మొదలుపెట్టొద్దు. మీకూ, పక్కన చూసేవాళ్ళకీ సేఫ్టీ కళ్ళజోడు ఉండాలి. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని గానీ ఏమీ తినొద్దు, నేల చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి, సీసం దుమ్ము లేవకుండా.

మీది స్ప్రింగ్ గన్ కాబట్టి పెల్లెట్ లేకుండా ఉత్తినే కొట్టి ప్రాక్టీస్ చెయ్యొద్దు, పిస్టన్‌కి ముందు గాలి ఒత్తిడి ఉండదు, వెళ్ళి ధడేల్మని గుద్దుకుని సీలూ స్ప్రింగూ పోతాయి. మ్యాచ్ రైఫిళ్ళకి దానికోసం వేరే ఏర్పాటు ఉంటుంది.

అమ్మడం మీ ఇష్టం గానీ, ఆన్‌లైన్‌లో ఫొటో పెట్టి ముక్కూ మొహం తెలీనివాళ్ళకి మాత్రం ఇవ్వకండి. వాడు దాంతో చిలకల్ని కొడితే 1972 వన్యప్రాణి చట్టం, మనిషికి తగిలితే ఇంకోటి, రెండిట్లోనూ ఎవరి దగ్గర కొన్నావనే మొదట అడుగుతారు.

కానూరు_కల్యాణి:
ఒక్క డౌటండీ, ఆ ఇసుక బస్తాలు, అక్కడి మట్టి సంగతేంటి? ఇన్నేళ్ళు కొట్టారంటే సీసం అంతా అక్కడే ఉంటుంది కదా. పెరడు ఖాళీ అయింది కదాని గోంగూరో తోటకూరో వేస్తారేమో అని.

గురి_పదిమీటర్లు:
మంచి ప్రశ్న అడిగారు మేడమ్, నాకే తట్టలా. బస్తాల్లో ఇసుకని మేస్త్రీలు వాడే జల్లెడ పట్టండి, కొంచెం తడిపి, మూతికి మాస్క్ కట్టుకుని. పెల్లెట్లన్నీ డబ్బాలో వేసి పాత సామాన్లు కొనేవాళ్ళకిస్తే తీసుకుంటారు, సీసమే కదా. ఆ ఇసుక మాత్రం పిల్లలు ఆడుకునే చోట పొయ్యొద్దు. గోడ మొదట్లో మట్టి పై పొర జానెడు తీయించి కొత్తమట్టి వేయించండి, అయినా ఆ మూల ఆకుకూరలూ దుంపలూ వద్దు, వాటికే ఎక్కువ మట్టి అంటుకుని ఉంటుంది. మందారమో నందివర్ధనమో పెట్టుకోండి.

పోరంకి_లోపల:
ఆ మూల ఆల్రెడీ కరివేపాకు చెట్టుందండీ, పెద్దదే. దాన్నేం చెయ్యాలి?

గురి_పదిమీటర్లు:
బస్తాల నుంచి ఎంత దూరం?

పోరంకి_లోపల:
రెండు మూడు గజాలు ఉంటది. పక్కకే, వెనక కాదు.

గురి_పదిమీటర్లు:
అయితే చెట్టు జోలికి వెళ్ళకండి, ఆకు బాగా కడుక్కుని వాడుకోండి. మనసు ఊరుకోకపోతే దాని మొదట్లో మట్టి తీసి ల్యాబ్‌లో ఒకసారి సీసానికి టెస్ట్ చేయించండి, మామూలు ఎరువుల టెస్ట్‌లో అది చూడరు, విడిగా అడగాలి.