ప్రిజమ్‌కి డబ్బు కట్టాలా, ఆర్ నేర్చుకోవాలా?

జయపురం వరి:
అందరికీ నమస్కారం. కొరాపుట్ జిల్లా దేశవాళీ వరి రకాల మీద కరువు ప్రయోగం చేస్తున్నాను, ఆకుల్లో ప్రోలిన్ (కరువులో మొక్క పోగుచేసుకునే అమైనో ఆమ్లం) కొలుస్తున్నాం. గ్రాఫులన్నీ గ్రాఫ్‌ప్యాడ్ ప్రిజమ్‌లోనే (గ్రాఫులు, స్టాటిస్టిక్స్ చేసే సాఫ్ట్‌వేర్) కావాలని మా గైడ్‌గారి పట్టు. 30 రోజుల ట్రయల్ అయిపోయింది. ఏటేటా చందా కట్టడం నా ఫెలోషిప్‌కి బరువు. అదే పనికి కోడ్ రాసుకునే ఆర్ భాష ఉచితం కదా సార్ అంటే, థీసిస్ ముందు పెట్టుకుని కోడింగ్ ఏంటన్నారు. మీరేమంటారు? క్రాక్ వెర్షన్ సలహాలు మాత్రం వద్దు.

బరంపురం బయోకెమ్:
నేను మీ గైడ్ వైపే, తమ్ముడూ. ప్రిజమ్ మొదలుపెట్టిన హార్వీ మొతుల్స్కీ ఫార్మకాలజీ మనిషి. బెంచి మీద పనిచేసేవాళ్లకి ఏం కావాలో తెలిసి చేశాడు. ఎలైజా పరీక్షలో గాఢత తెలిసిన శాంపిళ్లతో స్టాండర్డ్ కర్వ్ గీసి, దాన్నుంచి మన శాంపిళ్ల గాఢత తీయడం కాసేపట్లో అయిపోతుంది. ఆర్‌లో అదే పనికి డీఆర్‌సీ అనే కర్వులు గీసే ప్యాకేజీ వెతుక్కుని, ఎర్రర్లు చదువుకుంటూ కూర్చోవాలి. నీ పని వరి, ప్రోగ్రామింగ్ కాదు.

రాయగడ ల్యాబ్:
ఇంతోటి దానికి ఎక్సెల్ చాలదా?

పర్లాకిమిడి స్టాట్స్:
చాలదు. ఎక్సెల్‌లో ఎర్రర్ బార్‌కి (కొలతలో అటూఇటూ ఎంతో చూపే గీత) 'స్టాండర్డ్ ఎర్రర్' నొక్కి చూడండి. సిరీస్ మొత్తానికి ఒకటే లెక్క కట్టి అన్ని బార్లకీ ఒకే పొడవు పెడుతుంది. చూసేవాళ్లు ఒక్కో రకానికీ విడిగా లెక్కేశారనుకుంటారు. జీన్ పేర్లని తేదీలుగా మార్చేసే దాని అలవాటు భరించలేక, పేర్లు పెట్టే కమిటీయే దిగొచ్చి సెప్ట్1ని సెప్టిన్1 చేసింది, 2020లో ఆ సంగతి పెద్ద వార్త.

ఇక అసలు సంగతి. రివ్యూయర్ ఆరు నెలల తర్వాత ఒక రకం తీసేసి మళ్లీ చూపించమంటాడు. ప్రిజమ్‌లోనూ అంకె మారిస్తే గ్రాఫు దానంతటదే మారుతుంది, కాదనను. కానీ ఆ అంకె ప్రిజమ్‌లోకి రాకముందు బ్లాంక్ (శాంపిల్ లేని ఖాళీ కొలత) తీసేసింది, సగటు కట్టింది, తడిసిపోయిన శాంపిల్ పక్కన పెట్టింది ఎక్కడ రాసి ఉంది? సాధారణంగా ఎవరి బుర్రలోనో. ఆర్ స్క్రిప్ట్‌లో అయితే అదంతా వరసగా కనబడుతుంది.

అన్నట్టు, బాబూ, నీ ఎన్, అంటే విడివిడిగా లెక్కకొచ్చే శాంపిళ్ల సంఖ్య, ఎంత?

జయపురం వరి:
రకానికి మూడు కుండలు, కుండకి పది మొక్కలు. 30 అనుకున్నాం అక్కా.

పర్లాకిమిడి స్టాట్స్:
నీళ్లు ఆపింది కుండకి, మొక్కకి కాదు. ఎన్ 3. 30 అని ఇస్తే ప్రిజమైనా ఆరైనా నోరెత్తకుండా పి విలువ (తేడా నమ్మదగ్గదేనా అని చూసే అంకె) ఇచ్చేస్తాయి, అదీ ముచ్చటైనది. ఆర్‌లో కుండని రాండమ్ ఎఫెక్ట్‌గా పెట్టి మిక్స్‌డ్ మోడల్ వేయి, ఏ మొక్క ఏ కుండదో అప్పుడు లెక్కలోకి వస్తుంది. బార్ మానేసి కుండకో చుక్క పెట్టు, మూడు చుక్కలకి ఏం సిగ్గు?

బరంపురం బయోకెమ్:
ప్రిజమ్‌లోనూ కుండ లోపలి మొక్కల్ని కుండ కిందే లెక్కేసే నెస్టెడ్ అనోవా ఉంది మేడమ్, వెర్షన్ 8 నుంచి. ఇంకో మాట. ఈ అబ్బాయి డిగ్రీ పుచ్చుకుని వెళ్లిపోతాడు. కామెంట్లు లేని ఆ స్క్రిప్ట్ తర్వాత వచ్చేవాళ్లు చదవాలి. ప్రిజమ్ ఫైలైతే ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

పర్లాకిమిడి స్టాట్స్:
చందా ఆగాక తెరిచి చూసుకోవడమే, మార్చడానికి ఉండదు. కామెంట్లు రాయని స్క్రిప్ట్ గురించి మాత్రం మీరన్నది నిజం. మా దగ్గరా అలాంటివి ఉన్నాయి.

రాయగడ ల్యాబ్:
జాస్ప్ చూశారా ఎవరైనా? ఆమ్‌స్టర్‌డాం యూనివర్సిటీ వాళ్లది, ఉచితం, క్లిక్కులతోనే పని. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది, మా ఊళ్లో అది పెద్ద సుఖం.

జయపురం వరి:
జాస్ప్‌లో మిక్స్‌డ్ మోడల్ ఉందట, రాత్రి దించుకుంటాను. ముందు గైడ్‌గారికి ఈ ఎన్ సంగతి ఎలా చెప్పాలో అర్థం కావట్లేదు. కాన్ఫరెన్స్ పోస్టర్‌లో 30 అనే వేశాం.