దీక్ష ధ్రువపత్రాలకు బీఎడ్‌లో మార్కులు వేయవచ్చా?

బీఎడ్ అధ్యాపకుడు (చర్చకు పెట్టినవారు):
ఉపాధ్యాయులు ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఆ అలవాటు శిక్షణ కాలంలోనే మొదలు కావాలన్న ఉద్దేశంతో, ఉపాధ్యాయులకు, విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ వేదిక దీక్షలో పూర్తిచేసి ధ్రువపత్రం పొందిన కోర్సులకు అంతర్గత మార్కులు ఇద్దామని మా కళాశాలలో ప్రతిపాదన వచ్చింది. నేను వ్యతిరేకించాను. బడిలో చేసే బోధనాభ్యాసంలో ఒక ఛాత్రోపాధ్యాయుడు (బీఎడ్ విద్యార్థి) నదుల పాఠానికి కృత్రిమ మేధతో పాఠ్యపథకం రాయించుకొచ్చాడు. కృష్ణానది నాసిక్ దగ్గర పుట్టిందని అందులో ఉంది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టేది గోదావరి; కృష్ణ పుట్టేది మహాబలేశ్వరంలో. పర్యవేక్షకుడిగా నేనూ చదవకుండా సంతకం పెట్టేశాను, ఆ సిగ్గు వేరే. తప్పు పట్టుకున్నది అట్లాసు తెరిచి చూసిన మూడో బెంచీ అమ్మాయి. డిజిటల్ బోధన మీద ఆ అబ్బాయి అప్పటికే నాలుగు ధ్రువపత్రాలు సంపాదించాడు.

ఛాత్రోపాధ్యాయిని, రెండో సంవత్సరం:
మాస్టారూ, మీ అభ్యంతరం న్యాయమైనదే కానీ మార్కులు వద్దంటే నష్టపోయేది నాలాంటివారు. మా ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోనూ రాత్రి పది దాటాక గాని నా చేతికి రాదు, అదీ "పరీక్షకు సంబంధించింది" అంటేనే. కళాశాలలో నేర్చుకుందామంటే కంప్యూటర్ గదికి ఎప్పుడూ తాళమే; తనిఖీ జరిగిన రోజున మాత్రం తెరిచారు.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు:
అమ్మా, నీ ఇబ్బంది అర్థమైంది. అయితే మా అనుభవమూ విను. ఉపాధ్యాయులకు కేంద్రం పెట్టిన నిష్ఠ శిక్షణ ఆన్‌లైన్‌లో జరిగినప్పుడు నేను వీడియో నడవనిచ్చి పక్కన కూర్చుని వంకాయలు తరిగినవాణ్ణే. చివరి ప్రశ్నలకు జవాబులు వాట్సాప్ గ్రూపులో దొరికేవి. నిజంగా నేర్చుకున్నది తరువాత, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో తెరిచిన వీడియోలో చెప్పినదానికీ పుస్తకంలో ఉన్నదానికీ పొంతన లేదని పిల్లలు నిలదీసినప్పుడు. కాబట్టి మార్కులు ఇవ్వండి, వాటిని వేసే పద్ధతి మార్చండి. ఇంటర్నెట్ నుంచి తెచ్చిన ఒక పాఠాన్ని ఛాత్రోపాధ్యాయుడి ముందు పెట్టి, ఇందులో ఏది నమ్మావు, ఏది దేనితో సరిచూశావు, ఏది తీసేశావు అని అడగండి. పది నిమిషాల్లో తేలిపోతుంది.

బీఎడ్ అధ్యాపకుడు:
ఆ పది నిమిషాలే కష్టం. ఒక్కో పర్యవేక్షకుడికి పదిహేను మందిని అప్పగిస్తున్నారు, అందుకే చూడకుండా సంతకాలు పడుతున్నాయి. అయినా మీ ఇద్దరి మాటలూ విన్నాక నా అభిప్రాయం మార్చుకుంటున్నాను. ధ్రువపత్రానికి మార్కులు వద్దు, మీరు చెప్పిన ఆ మౌఖిక పరీక్షకు ఉండాలి; దానికి సిద్ధం కావడానికి వారానికి రెండు పీరియడ్లు కంప్యూటర్ గదిలోనే టైమ్‌టేబుల్‌లో వేసి, హాజరు తీసుకోవాలి. హాజరు తీసుకోవాలంటే గది తెరవక తప్పదు కదా.