తుంగభద్ర క్యాంపుల తెలుగు రైతులను అక్కడ నిలబెట్టింది కష్టమా, భూమి ధరల తేడానా?

కృష్ణాతీరం:

ఊరి చరిత్రలూ ఇంటి చరిత్రలూ రాసుకునే అలవాటు ఈ మధ్య మనవాళ్ళలో బాగా పెరిగింది. అది సంతోషించవలసిన విషయమే. అయితే కోస్తా జిల్లాల నుంచి కర్ణాటకలోని తుంగభద్ర ఆయకట్టుకు వెళ్ళి స్థిరపడిన కుటుంబాల గురించి ఎవరు రాసినా ఒకే మాట కనబడుతోంది: బీడుపడి ఉన్న నేలను మనవాళ్ళు చెమటోడ్చి అన్నపూర్ణగా మార్చారట. ఈ మాటలో సగం నిజమే ఉందన్నది నా అభిప్రాయం. మిగతా సగం చర్చకు రావాలని ఇక్కడ రాస్తున్నాను.

హోస్పేట దగ్గర తుంగభద్ర మీద కట్టిన ఆనకట్ట నుంచి 1953లో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద ఇప్పటి కొప్పళ, రాయచూరు జిల్లాలలో సుమారు 6 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నది ఉద్దేశం. అదే కాలంలో మన డెల్టాల పరిస్థితి వేరుగా ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తయ్యాక వందేళ్ళలో జనం పెరిగారు, పంపకాలతో కమతాలు చిన్నవయ్యాయి, ఎకరం ధర మాత్రం ఆకాశానికి వెళ్ళింది. ఇక్కడ ఎకరం అమ్మితే అక్కడ నాలుగైదు ఎకరాలు వచ్చేవని ఆ తరంవాళ్ళు ఎవరిని అడిగినా చెబుతారు. గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి ప్రాంతాలలో మనవాళ్ళు క్యాంపులు అనే కొత్త ఊళ్ళు కట్టుకోవడానికి మూలకారణం ఈ ధరల తేడా. దానికి ప్రభుత్వ ధనంతో తవ్విన కాలువ తోడయింది. కష్టపడలేదని నేను అనను. కష్టం ఒక్కటే చాలి ఉంటే భూమిలేని కూలీ కూడా ఈ రోజు క్యాంపులో రైసుమిల్లు యజమాని అయి ఉండాలి కదా?

శ్రీరామనగర్ మనవడు:

కృష్ణాతీరం గారూ, మీరు లెక్క సరిగానే చెప్పారు, కానీ ఆ లెక్క అప్పట్లో డెల్టాలో అందరికీ తెలిసిందే. ఎకరం అమ్మి నాలుగెకరాలు కొనగలిగినవారు ఊరికి పాతికమంది ఉంటే బయలుదేరింది ఇద్దరో ముగ్గురో. మిగిలినవారు ఎందుకు కదలలేదన్న ప్రశ్నకు ధరల తేడాలో సమాధానం దొరకదు.

మా తాతగారు గుంటూరు జిల్లా నుంచి గంగావతి ప్రాంతానికి వచ్చారు. ఆయన కొన్న భూమి కాలువ పక్కనే ఉన్నా, ఒక వైపు మెరక, మరో వైపు పల్లం కావడంతో పెట్టిన నీరు పొలంలో నిలిచేది కాదు. ఎడ్లకు చెక్కపలక కట్టి, పలక మీద మనిషి నిలబడి బరువు వేస్తూ, మెరక మట్టిని గీకి పల్లానికి ఈడ్చి పొయ్యాలి. నల్లరేగడి తడిస్తే పలకకు జిగురులా పట్టుకుంటుంది, ఎండితే రాయిలా బిగుస్తుంది. ఆ రెంటికీ మధ్య, పదును ఉన్న కొద్ది రోజులలోనే ఆ పని జరగాలి. అందువల్ల ఒకే పొలాన్ని మళ్ళుగా విడగొట్టి, గట్లు వేసి, బోదెలు తీసి, చివరి మడి వరకూ నీరు పారేటట్లు చేయడానికి ఏళ్ళు పట్టింది. అంతవరకూ పాకలో ఉన్నారు. చలిజ్వరాలకు తట్టుకోలేక అమ్మినకాడికి అమ్మేసి తిరిగి వెళ్ళిపోయిన కుటుంబాల కథలు మా క్యాంపులో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్ళకూ అదే ధర, అదే కాలువ, అయినా నిలవలేకపోయారు. నిలిచినవారిని నిలబెట్టింది ఓర్పే.

వరి సాగులో నేర్పు సంగతి కూడా మీరు వదిలేశారు. దమ్ము చేయడం, ఊడ్పు అదను, నీరు ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తీయాలి అన్నది డెల్టా రైతుకు చిన్నప్పటి నుంచి చేతిలో ఉన్న విద్య. బాపట్ల పరిశోధన స్థానంలో పుట్టిన సాంబమసూరి, అదే బీపీటీ 5204, తుంగభద్ర ఆయకట్టులో అంతగా వ్యాపించడానికి ఈ రాకపోకలు కూడా ఒక కారణమని నా నమ్మకం.

మాన్వి చివరి తూము:

ఈ చర్చలో నా స్థానం కొంచెం వేరు. మేము తెలుగువాళ్ళమే, కానీ ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళం కాదు. రాయచూరు జిల్లాలో తరతరాలుగా ఉన్నవాళ్ళం. మా ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, పాత రిజిస్ట్రేషన్ కాగితాలలో ఉర్దూ. కాబట్టి అమ్మినవారి వైపు నుంచి రెండు మాటలు చెబుతాను.

మొదటిది, ఆ నేల బీడు కాదు. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న ఈ అంతర్వేది కోసం విజయనగర రాజులూ బహమనీ సుల్తానులూ తరాల తరబడి యుద్ధాలు చేశారు. శ్రీకృష్ణదేవరాయలు 1520లో రాయచూరు మీదికి వచ్చింది కూడా ఈ నేల కోసమే. జొన్న, పత్తి మా పెద్దలు వానాధారంగా పండించినవే. ఆనెగొంది పక్కన విజయనగర కాలం నాటి కాలువల కింద వరి కూడా అప్పటికే పండేది. కరువు వచ్చిన ఏడు పంట పోయేది, అది నిజం. కరువును బీడు అని రాస్తే మా పూర్వికుల సేద్యం అంతా చరిత్రలో లేకుండా పోతుంది.

రెండవది, మావాళ్ళు ఎందుకు అమ్మారన్నది. తెలివి లేక అమ్మారని క్యాంపులలో కొందరు అనుకుంటారు. పెద్ద కమతాలున్న కుటుంబం కాలువ రాగానే ఆ భూమినంతా చదును చేయించాలంటే చేతిలో రొక్కం ఉండాలి, మా దగ్గర అది లేదు. కాలువ వచ్చిందని పెరిగే శిస్తు భయం ఒకటి, కౌలుదారీ చట్టాలూ భూపరిమితీ వస్తున్నాయన్న భయం మరొకటి, కరువు ఏళ్ళ అప్పులు ఇంకొకటి. ఈ మూడూ కలిసినప్పుడు, రొక్కం చేత పట్టుకుని వచ్చినవాడు అడిగిన ధరకు సగం పొలం ఇచ్చి మిగిలిన సగాన్ని కాపాడుకోవడమే తెలివి. మా పెద్దలు ఆ రోజు చేయగలిగిన లెక్క చేసుకున్నారు.

అయితే నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం నీరు. ఈ కాలువను వరి కోసం తవ్వలేదు. కరువు జిల్లాలో వీలైనంత ఎక్కువ భూమికి తలా కొంచెం నీరు అందాలని రూపకల్పన చేశారు. ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో ముందే నిర్ణయించారు. వరికి కొద్ది భాగమే కేటాయించి, మిగిలిన అధిక భాగంలో జొన్న, పత్తి, వేరుశనగ వంటి ఆరుతడి పంటలే వేయాలన్నారు. కాలువ ఎగువన భూములు కొన్నవారు ఆరుతడి నేలలో కూడా వరి వేశారు. ఒక పొలం చూసి పక్క పొలం, ఒక క్యాంపును చూసి స్థానికులు కూడా అదే దారి పట్టారు. ఏ ప్రభుత్వమూ గట్టిగా అడ్డుకోలేదు. దాని ఫలితం మాన్వి, సిరవార, రాయచూరు తాలూకాలలో కనబడుతుంది. కాగితం మీద మాది ఆయకట్టే. అదను దాటాక కాలువ అడుగున పారే నీటిని చూసి మేము ఆరుతడి పంట కూడా వేయలేని సంవత్సరాలున్నాయి. నీరు కిందికి రావడానికి కాలువ గట్టు మీద పోలీసులు కాపలా కాయవలసి వస్తోంది, గట్టు పొడవునా నిషేధాజ్ఞలు పెట్టవలసి వస్తోంది. ఎగువన ఓర్పుతో మడి చదును చేసినవారిని నేను గౌరవిస్తాను. ఆ మడిలో నిలిచిన నీరు ఎవరి వాటా అన్నది మాత్రం ఆ ఓర్పు కథలో ఎక్కడా ఉండదు.

బోధన్ పాఠకుడు:

మీరంతా వదిలేసిన కారణం ఒకటుంది, బంధుత్వం. నిజాం సాగర్ 1931 నాటికి పూర్తయ్యాక మావాళ్ళు వర్ని, కోటగిరి, బోధన్ వైపు వచ్చారు. 1930ల చివరలో బోధన్‌లో చక్కెర కర్మాగారం రావడంతో చెరకు తోడయింది. ఎవరూ పటం చూసి ఊరు ఎంచుకోలేదు. ముందు వెళ్ళిన బావగారో మేనమామగారో ఉత్తరం రాస్తే, ఆయన పొలం పక్క పొలమే కొన్నారు. ఒక్కో క్యాంపులో ఒకటి రెండు ఊళ్ళ ఇంటిపేర్లే ఎక్కువగా కనబడేది అందుకే. ధర ఎంత తక్కువైనా తెలిసిన మనిషి లేని చోటికి పిల్లలతో వెళ్ళరు.

కృష్ణాతీరం:

బోధన్ పాఠకుడు గారి మాటను ఒప్పుకుంటాను, అయితే అది ఎక్కడికి వెళ్ళారో చెబుతుంది కానీ ఎలా నిలదొక్కుకున్నారో చెప్పదు.

మనవడు గారూ, ఓర్పు గురించి మీరు రాసినదాన్ని ఒక ఉదాహరణతో పరీక్షించి చూడండి. సింధనూరు దగ్గరే ఆర్.హెచ్. క్యాంపులు ఉన్నాయి. తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాలకు 1970ల ప్రాంతంలో ప్రభుత్వం అక్కడ పునరావాసం కల్పించింది. వాళ్ళు కూడా వరి తెలిసినవాళ్ళే, డెల్టాలో పుట్టినవాళ్ళే. నేలా అదే, ఎండా అదే. వాళ్ళ ఓర్పు మన తాతల ఓర్పుకన్నా తక్కువదని ఎవరైనా అనగలరా? కానీ వాళ్ళు వెనక అమ్ముకోవడానికి ఎకరం లేకుండా వచ్చారు, ప్రభుత్వం ఇచ్చిన కొద్దిపాటి భూమితో మొదలుపెట్టారు. మన క్యాంపులతో సమానంగా వాళ్ళు ఎదగలేకపోవడానికి కారణం ఆ మొదలులోనే ఉంది.

క్యాంపు కోడలు:

నేను తెనాలి దగ్గర పుట్టి, కారటగి ప్రాంతపు క్యాంపుకు కోడలిగా వచ్చినదాన్ని. ఎక్కడ ఉండాలో ఎంచుకున్నవారి గురించి ఇంత చర్చ జరిగినా, ఎంచుకునే అవకాశమే లేనివారి పేరు ఒక్క సందేశంలోనైనా రాలేదు. ఎకరం అమ్మాలని నిర్ణయించింది మామగారు. ఆ ఎకరంలో అత్తగారి పసుపుకుంకుమ భూమి కలిసి ఉందన్న సంగతి మా ఇంట్లో ఆవిడ తప్ప ఇంకెవరూ ప్రస్తావించరు.

కూలీల విషయం ఇంకా ముఖ్యం. మా పొలాలలో నాట్లు వేసిన చేతులు క్యాంపు యజమానులవి కావు. కోస్తా నుంచి వెంట వచ్చిన దళిత కుటుంబాలు కొన్ని, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి ముఠాలుగా వచ్చినవారు కొందరు, స్థానికులు కొందరు. మా క్యాంపుకు పడమర అంచున ఉన్న వరసలో మూడు తరాలుగా కాపురం ఉంటున్న కుటుంబాలున్నాయి. మా మామగారు మడి చదును చేయించిన రోజుల్లో పలక వెనక మట్టి మోసింది ఆ కుటుంబాల పెద్దలే. వాళ్ళు కూడా చలిజ్వరాలు పడ్డారు, వాళ్ళు కూడా తిరిగి వెళ్ళలేదు. ఈ రోజుకీ వాళ్ళ పేరున ఇంటి స్థలం తప్ప సెంటు పొలం లేదు. కృష్ణాతీరం గారు మొదట అడిగిన ప్రశ్నకు జవాబు కావాలంటే ఆ వరసలోకి వెళ్ళి అడిగితే సరిపోతుంది.

శ్రీరామనగర్ మనవడు:

అమ్మా, మీరు రాసినదాన్ని కాదనడానికి నా దగ్గర మాట లేదు. అయినా స్థిరపడటం అనేది భూమి కొన్న రోజుతో పూర్తయ్యే పని కాదని నేను ఇంకా అంటాను. మావాళ్ళు కొన్నప్పుడు గంగావతితో కూడిన రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. 1956 నవంబరు 1న అది మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది. అమ్మేసి వెనక్కి రావచ్చు, రాలేదు. పిల్లలను కన్నడ బడిలో వేశారు. ఈ రోజు మా తరానికి రాజ్యాంగంలోని 371జె అధికరణం కింద ఈ పాత హైదరాబాదు-కర్ణాటక ప్రాంతపు స్థానికులకు ఉన్న రిజర్వేషన్లు వర్తిస్తున్నాయి. మేము కన్నడంలోనే పరీక్షలు రాస్తున్నాం. 2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, నిండిన జలాశయం కళ్ళముందే ఖాళీ అవుతుంటే, గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి బృందం తాత్కాలిక అడ్డుపలకలైన స్టాప్‌లాగులు దించేవరకూ క్యాంపులలోనూ, పక్కనున్న కన్నడ ఊళ్ళలోనూ ఎవరూ నిద్రపోలేదు. అప్పుడు మాది వలస, వాళ్ళది స్వస్థలం అన్న తేడా లేదు. మొదట కట్టినప్పుడు సుమారు 133 టీఎంసీలు పట్టే జలాశయం పూడికతో 105 టీఎంసీల దగ్గరికి వచ్చింది. ఆ నష్టం కూడా అందరిదే.

మాన్వి చివరి తూము:

మనవడు గారూ, పూడిక నష్టం అందరిదీ అన్నారు. నీరు తగ్గిన ఏడు ఆ తగ్గుదల ముందు చివరి తూము దగ్గరే కనబడుతుంది, ఎగువ మడిలో ఆలస్యంగా కనబడుతుంది. మీ కుటుంబం కన్నడ బడిని ఎంచుకున్నందుకు నాకు నిజంగా సంతోషం. నేను అడిగేది భాష గురించి కాదు. మీ క్యాంపులలో ఇప్పటికే కొందరు దమ్ము మాని, పొడి దుక్కిలో వరి విత్తనం నేరుగా వేస్తున్నారు. దానితో నీరు తగ్గుతోందని వాళ్ళే చెబుతున్నారు. గంగావతి పరిశోధన కేంద్రం చౌడు భూముల మీద ఏళ్ళ తరబడి పనిచేస్తున్నది కూడా ఎగువన నీరు ఎక్కువై నేల పాడవుతున్నందుకే. అంటే నీరు తగ్గించడం మీ పొలానికీ అవసరమే. దాళ్వాలో, అంటే రెండో పంటకు, ఆరుతడి సర్వే నంబర్లలో వరి వేయకూడదని మీ నీటి వినియోగదారుల సంఘంలో తీర్మానం పెట్టించగలరా? పెట్టిస్తే ఆ సంగతి ఇక్కడే రాయండి, మా వైపు సంఘాల వాళ్ళను నేను మాట్లాడటానికి తీసుకువస్తాను.